పది అడుగులు వెనక్కి

నారిన్ ఊరి చివర, టైర్ల కొట్టు ముందు
రెండు బండ్లు.
ఒకటి మా పశువుల ఆస్పత్రిది, ఉవాజ్,
అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటుంది.
రెండోది సమ్సాలీ బాబాయిది, తెల్ల నీవా.
తెలుపు ఇప్పుడు కాగితాల్లోనే ఉంది.

ఏది గొప్పదని అడిగాను, డ్రైవరుగా చేరిన వారంలో.
బాబాయి జవాబు చెప్పలేదు.
సుద్దముక్కతో సిమెంటు మీద మలుపు గీసి
నడువు అన్నాడు.
లోపలి గీత మీద నేను, బయటి గీత మీద ఆయన,
భుజాలు రాసుకుంటూ.
మలుపు తిరిగేసరికి నాకు ఐదు అడుగులు, ఆయనకు తొమ్మిది.
"చక్రాలూ అంతే. నాలుగింటికీ నాలుగు దారులు."

ఉవాజ్ మామూలుగా వెనక చక్రాలతోనే బతుకుతుంది.
ముందువి ఊరికే దొర్లుతుంటాయి
పెళ్లివారి వెంట వచ్చిన పక్కింటి పిల్లల్లా.
కొండ మొదలయ్యే ముందే దిగాలి,
వేళ్లు కొంకర్లు పోతుంటే
ముందు చక్రాల బొడ్డులు తిప్పాలి,
ఎక్కి లీవర్ లాగాలి.
ఇక ముందు ఇరుసూ వెనక ఇరుసూ
ఒకే గాటన కట్టిన గొడ్లు.
జారే చోట అది మంచిదే.
ఎవరు ఎంత నడిచారో మంచు లెక్క అడగదు.
తారు అడుగుతుంది.

నీవాకి ఆ కలపడాలూ విడదీయడాలూ లేవు.
పుట్టిన రోజు నుంచీ నాలుగూ పనిలోనే.
నడుమ ఒక చిన్న పళ్లచక్రాల పెట్టె,
తగువులు తీర్చే పెద్దమనిషి.
నీది ఎక్కువ దూరమా, సరే పో.
నీది తక్కువా, నిదానంగా రా.
వానలో, చీకట్లో, సగం ఎండిన రోడ్డు మీద
ఏదీ ముందే పసిగట్టనక్కర్లేదు.

మరైతే ఇదే గొప్పది కదా అన్నాను.
బాబాయి నవ్వాడు, ముందుపన్ను లేని నవ్వు.
"ఒక్క చక్రం నున్నటి ఐసు మీద పెట్టి చూడు.
ఏది పని మానేసి గిర్రున తిరుగుతుందో
బలమంతా దానికే ధారపోస్తాడు నీ పెద్దమనిషి.
మిగతా మూడూ గట్టినేల మీద నిలబడి
చోద్యం చూస్తుంటాయి.
అందుకే దీనికీ ఓ చిన్న లీవర్.
లాగితే ఆయన నోరు మూతపడుతుంది,
కనీసం రెండో ఇరుసైనా కదుల్తుంది."

అక్టోబరు చివర, మొల్దో కనుమ ఎక్కాం.
డాక్టర్ బుర్మకాన్ టీకా సీసాలు
గడ్డకట్టకుండా కోటు లోపల పెట్టుకుని
పొదిగే కోడిలా కదలకుండా కూర్చుంది.
ఉవాజ్ పాకింది, మూలిగింది, ఎక్కింది.
ఎనిమిది వందల గొర్రెలు. పొగలు కక్కే షోర్పో.
దిగేటప్పుడు ఆవిడకు నిద్ర, నాకు ధీమా.

లీవర్ మరిచిపోయాను.

తారు రోడ్డు తగలగానే ప్రాణం లేచొచ్చింది.
సంత మలుపులో స్టీరింగు బిగుసుకుంది.
టైర్లు కీచుమన్నాయి.
ముందరికాళ్లకు బంధం వేసిన గుర్రం
కంచె దూకబోయినట్టు బండి ఎగిరిపడింది.
లీవర్ లాగాను. రాలేదు.
రెండు చేతులా లాగాను. తన్నాను కూడా.
వెనక బంగాళాదుంపల లారీవాడు
హారన్ మీద చెయ్యి తియ్యడు.

డాక్టర్ కళ్లు తెరవకుండానే అంది:
"వెనక్కి పోనీ. తిన్నగా. పది అడుగులు."

ఏడో అడుగుకే కిందెక్కడో టక్కుమంది.
లీవర్ వెన్నలో వేలులా జారివచ్చింది.

ఒక్కో మలుపులో కాస్త కాస్త
ఇరుసుల మధ్య మెలిపడ్డ లెక్క అది,
జారనివ్వని నేల మీద తీరే దారి లేక
ఇనుములో దాక్కున్నది.

సాయంత్రం చెప్పాను బాబాయికి.
సుద్దగీత సగం చెరిగి ఇంకా అక్కడే ఉంది.
ఆస్పత్రివాళ్లని నీవా కొనమని చెప్పనా అన్నాడు.
వద్దన్నాను. ఎందుకో సరిగా చెప్పలేకపోయాను.
గట్టినేల ఎక్కడ అయిపోతుందో
కిందికి దిగి బూటుతో తడిమి చూడ్డం
నాకు అలవాటైందేమో.

రేపు అత్-బాషీ వైపు పోవాలి.
రోడ్డు సగం తారు, సగం ఏమిటో ఎవరూ చెప్పరు.
స్టీరింగు ముందర, గడియారం పక్కన
సుద్దతో రాసుకున్నాను: విప్పు.