తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ

మెట్రోలో ఆ గొంతు రోజూ చెబుతుంది
భరత్‌నగర్ దాటగానే,
తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ.
కాలేజీ పిల్లలు ఒకరి నెత్తిన ఒకరు మొట్టుకుని
"దిగరా, నీ స్టాపొచ్చింది" అంటారు.
నేను కిటికీ వైపు తిరుగుతాను.
నా స్టాపు ఇంకో నాలుగు అవతల, పంజగుట్టలో.

మాత్రలు మూడు రకాలు మార్చారు.
మొదటివి నిద్రపుచ్చాయి, రెండోవి లావెక్కించాయి,
మూడోవి ఏమీ చెయ్యలేదు, నాలాగే.
చివరికి తోడికోడలు సుభద్రమ్మ
పదిహేను వేలు తక్కువకే చీటీ పాడుకుని
డబ్బు నా చేతిలో పెట్టింది.
"ముప్పై సార్లంట. ఎవురికీ చెప్పొద్దులే."

అక్కడ ఫర్హీన్ అనే అమ్మాయి
కమ్మలు, పిన్నులు, ఫోను, నల్లపూసలు
అన్నీ ఐస్‌క్రీం డబ్బాలో వేయిస్తుంది.
తల మీద ఎనిమిది అంకెలా మెలిపడ్డ తీగచుట్ట.
మొదటిరోజు చోటు వెతుకుతూ ఒక్క దెబ్బ వేస్తే
నా కుడి బొటనవేలు ఎగిరింది.
నేను ఎగరమనలేదు.
ఏడాదిన్నరగా చెప్పినా వినని ఒంట్లో
చెప్పకుండానే కదిలిందొకటి.
"దొరికింది" అంది ఫర్హీన్,
గిన్నె మూత దొరికినంత మామూలుగా.

ఆ తర్వాత ఎడమ నుదుటి పైన
టకటకటకటక
ఆగి
మళ్లీ టకటకటకటక.
ప్రొద్దుటూరులో మా వీధికొచ్చే
కక్కు కొట్టేవాడు గుర్తొచ్చాడు.
అరిగి నున్నబడ్డ రోలు దేన్నీ నలపదు,
ఏం వేసినా జారిపోతుంది.
వాడు ఉలితో గంట్లు పెట్టి వెళ్లాక
మొదటి పచ్చడి అమ్మ పారబోసేది, రాతిపొడి అని.
నాకు పదిరోజులూ రాతిపొడే.

పదిహేనో రోజు ఏం లేదు.
పద్దెనిమిదో రోజు ఏం లేదు.
కొందరికి పనిచెయ్యదని డాక్టరు ముందే చెప్పాడు.
ఆ మాటొక్కటే నాకు నచ్చింది,
అబద్ధం కాదు గదా.

ఇరవైరెండో రోజు తిరిగొస్తుంటే
అదే గొంతు, అదే పేరు,
ఎవరివో అవే నవ్వులు.
మా సీమలో ఎర్రగడ్డంటే ఉల్లిపాయ.
ఈ ఊరొచ్చిన కొత్తలో
బస్సు బోర్డు చూసి నవ్వుకునేదాన్ని.
ఎప్పుడు మర్చిపోయానో.
దిగాను.

రైతుబజారులో కిలో ముప్పయ్యైదన్నాడు.
"మొన్న ముప్పైకిచ్చావు కదా" అన్నాను.
మొన్న నేనసలు రానే లేదు.
అబద్ధమాడి, బేరమాడి, మూడు రూపాయలు గెలిచాను.

రాత్రి కోస్తుంటే కళ్లు కారాయి.
సుభద్రమ్మ చేతిలో చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.
ఏడుపు కాదక్కా, ఘాటు.
నిజంగా ఘాటే.
ముక్కులోకి, గొంతులోకి దిగింది.

ఇంకా ఎనిమిదున్నాయి.