గొర్రె కుదురుగా ఉండదు

వాల్దివియాలో వాన తెరిపివ్వని జూన్ నెల.
నాలుగో అంతస్తు గదిలో, హీటర్ పక్కన కూర్చుని
నేనొక సముద్రం రాస్తున్నాను.
రెండొందల పంక్తుల కోడ్, నీలం రంగు.
దాని మీద ఒక పడవ, పక్కన ఒక మీట.
మీట కుడికి జరిపితే మూటలు పెరుగుతాయి,
పడవ బుద్ధిగా, నిటారుగా
లిఫ్టు దిగినట్టు నీళ్లలోకి దిగుతుంది.

తొమ్మిదో పాఠం. తేలుట, మునుగుట.
దీవుల్లో చదువు మధ్యలో వదిలేసినవాళ్లకి,
సాయంత్రం కరెంటు ఉండి, సిగ్నల్ అందితే.

మూడో వారం కెనాక్ దీవి నుంచి ఒక జవాబు.
బెలార్మినో నవెల్కిన్, వయసు యాభై ఎనిమిది.
మార్కులు ఏడుకి మూడు.
కింద ఖాళీలో రాశాడు:
"టీచరమ్మా, మీ పడవ అబద్ధం.
నిటారుగా మునిగిన పడవని నేనింతవరకు చూడలేదు.
ముందు ఒరుగుతుంది. మునగడం ఆ తర్వాతి మాట.
ఇంకోటి, మీ మూటలు కదలవు.
ఒక గొర్రెని ఎక్కించి చూడండి."

నవ్వొచ్చింది.
టీ చల్లారేదాకా ఆ నవ్వు మిగల్లేదు.

ఆ రాత్రి పడవకి పక్కలిచ్చాను.
గురుత్వ కేంద్రాన్ని ఎర్రచుక్కగా పెట్టి
అది జరిగితే పడవ ఏం చేయాలో
మూడుసార్లు తప్పు రాసి, ఒకసారి ఒప్పు రాశాను.
గొర్రె దగ్గర ఆగిపోయాను.
ఫోన్ చేస్తే అవతల గాలి హోరు, ఇంజను, మధ్యలో ఆయన:
"అల కొట్టగానే మొదటిది ఎటు జరిగితే
తక్కినవన్నీ అటేనమ్మా.
ఒడ్డు ఎటుందని చూడవు."

ఇరవై రెండేళ్లు ఫిజిక్సు చెప్పాను.
ఈ మాటని ఏ సూత్రంలో ఇరికించాలో తెలీక
కోడ్ మధ్యలో, కంప్యూటర్ చదవకుండా దాటిపోయే చోట
ఆయన పేరుతో రాసిపెట్టుకున్నాను.

ఇప్పుడు మీట లేదు.
వేలితో గొర్రెని ఎత్తి దించాలి.
నాలుగు గొర్రెలు, ఒక కాలువ, అవతల రేవు.
మొదటి వారం నాలుగొందల పదకొండు పడవలు బోల్తా.
'మళ్లీ మొదలు' అని కింద ఒక బటన్.
నొక్కితే నీళ్లు సర్దుకుంటాయి,
గొర్రెలు ఉన్ని తడవకుండా ఒడ్డున నిలబడతాయి.
ఆ బటన్ గురించి బెలార్మినో ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.

నిన్న రాత్రి రెండుంబావుకి
కెనాక్ నుంచి ఎవరో పడవని రేవు దాకా తెచ్చారు.
మూడింటిని దించారు.
నాలుగోదాన్ని దించలేదు, బటనూ నొక్కలేదు.
నలభై నిమిషాలు తెర అలాగే తెరిచి ఉంది,
పడవ కాస్త ఎడమకి ఒరిగి,
తేలుతూ.