గ్రిన్ అంటే ఏటి

పలాస జీడి ఫ్యాక్టరీ. సాయంత్రం కాటా దగ్గర
ఏడో తరగతి లోలాక్షి నోట్సు తెరిచి అడిగింది:
"గ్రిన్ అంటే ఏటి బాబూ?"

ఇంటర్ తప్పినవాణ్ణి. ఇక్కడ అదే పెద్ద చదువు.
"నవ్వు" అన్నాను.
"నవ్వంటే స్మైల్ కదా. మరిదెందుకు?"
"ఇందులో పళ్ళు కనబడాల.
పళ్ళికిలించడం అని రాసుకో."

రాయలేదు. పెన్ను మూత కొరికింది.
"అది తిట్టు కదేటి.
మాయమ్మని రోజూ నువ్వనేదే."

పళ్ళికిలించకండే, చేతులాడించండి...
పొద్దున్నుంచి ఎన్నిసార్లు అరిచానో
ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.

నోట్సులో కింద ఇంకో వాక్యం:
గ్రిన్ అండ్ బేర్ ఇట్.
దీనికి మాత్రం మాట తట్టింది, పంటి బిగువున.
పైకి అనలేదు.
ఎదురుగా దాలమ్మ నిలబడి ఉంది,
జీడి నూనెకి పొక్కిన వేళ్ళు కొంగులో దాచుకుని.
ముక్కలెక్కువొచ్చాయని
పాతిక రూపాయలు అప్పుడే కోశాను.

"ఏటే గుంటా, బాబునేటి ఇసిగిస్తన్నావు?"
"నవ్వేనే అమ్మా. పళ్ళగుపడే నవ్వు."
"ఓస్, ఇలగేనేటి?"

అడ్డచుట్టకి నల్లబడ్డ వరస,
పైన ఒకటి లేదు,
చిగుళ్ళ దాకా తెరుచుకుంది.
నా వైపు తిరిగి
ఇంకా కాసేపు అలాగే ఉంచింది.

కాటా ముల్లు చూస్తూ ఉండిపోయాను.
పళ్ళెంలో ఏమీ లేదు.

లోలాక్షి గబగబా ఏదో రాసుకుంది.
చూపించమంటే
చెయ్యడ్డం పెట్టింది.