తరుగు

మాగుంట లేఅవుట్ సూపర్ మార్కెట్లో
రొట్టెల అర ముందర నిలబడి ఉండాను,
కళ్ళజోడు స్కూటర్ డిక్కీలో మర్చిపోయి.
బయట మే నెల. రోడ్డు మీద తారు పాకానికొచ్చింది.
ఏసీ మెడ మీద చల్లగా చెయ్యేస్తా ఉంది.

పొగతోటలో డాక్టరమ్మ నిన్న
ఎనిమిది పాయింట్ నాలుగు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది.
"అన్నం సగం చెయ్యండి.
రాత్రికి రొట్టె. అదీ కార్బోహైడ్రేట్ తక్కువుండేది, చూసి."
చూడటమే కదమ్మా నా బతుకుతెరువు
అనబోయి, ఊరుకున్నా.

ముప్పై ఒక్కేళ్ళు
కోవూరు దగ్గర రైసుమిల్లులో కాటా గుమాస్తాని.
బస్తాలోకి చువ్వ గుచ్చి
అరచేతిలో పోసుకుని ఒక్క ఊదు ఊదితే
తేమెంతో నూకెంతో నోటికొచ్చేది.
గింజ కొరికి
మొలగొలుకులో జిలకర మసూరో చెప్పిన పన్ను నాది.
(ఆ పన్ను ఇప్పుడు లేదు, అది వేరే సంగతి.)
రైతు మొహం చూడకుండా
బస్తాకింత అని తరుగు రాసిన చెయ్యి కూడా
నాదే.

ఇక్కడ చువ్వ గుచ్చనివ్వరు.
ఒత్తి చూస్తే అన్నీ మెత్తగానే ఉండాయి
తప్పు చేసొచ్చిన పిల్లకాయల బుగ్గల్లా.
బ్రౌన్ అని రాసుండేదాన్ని వెనక్కి తిప్పా.
అక్షరాలు నూకల కంటే సన్నం.

"అమ్మాయ్, ఇది కాస్త చదివి పెడతావా?"
చెంచులక్ష్మి అని బ్యాడ్జీ మీద మాత్రం పెద్దక్షరాలే.
పొదలకూరు నుంచి రోజూ బస్సులో వస్తుందంట.
"మైదా అంకుల్. మొదటి మాటే మైదా.
రంగు ఆనక కలుపుతారు."
ధాన్యం మీద నీళ్ళు చల్లి తూకం పెంచుకొచ్చే
పాత మొహాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

రెండోది డైట్ అంట.
ముక్కకి తొమ్మిది గ్రాములే అని
సంబరంగా నా చేతిలో పెట్టింది పిల్ల.
ఉండు పాపా. ముక్క ఎంత తూగుద్ది?
పద్దెనిమిది.
మరి ఆ బ్రౌన్‌ది?
ఇరవై ఐదు, అందులో పన్నెండు.
వేళ్ళ కణుపుల మీద లెక్క కట్టా.
వందకి ఇది యాభై, అది నలభై ఎనిమిదే.
ముక్కని పలచన చేసి అంకెని పలచన చేశారు.
కాటా గుమాస్తా దగ్గరా నాయనా, ఈ ఆట?

చెంచులక్ష్మి ఫోను తీసి లెక్క సరిచూసుకుంది.
తర్వాత తనే వంగి
అట్టడుగు అరలో దుమ్ము తుడిచి ఇంకోటి తీసింది.
ఇరవై ఎనిమిదికి తొమ్మిది. వందకి ముప్పై రెండు.
వెల నూట పది.
"ఏమేశారు ఇందులో, బంగారమా?"
"అవిసె గింజలు, సోయా పిండి, గోధుమ తవుడు."
"ఏందీ?"
"తవుడు అంకుల్."

తవుడు.
పాలిష్ మిషను కింద
వెచ్చగా, కమ్మటి వాసనతో రాలతా ఉండేది.
గీకి గీకి బియ్యాన్ని మల్లెమొగ్గలు చేశాం.
"తెల్లగా లేకుంటే ఎవడు తింటాడయ్యా"
అనేవాడు ఓనరు ఆదిశేషారెడ్డి.
తవుణ్ణి బర్రెలకి తోలేవాళ్ళం.
రాత్రి ఇంటికొస్తే నా కనురెప్పల నిండా అదే;
మా సుభాషిణి వాకిట్లోనే తువ్వాలుతో దులిపి
లోపలికి రానిచ్చేది.
ఊరికే దులిపేసుకున్నదాన్ని
ఇప్పుడు నూట పది పెట్టి, జీఎస్టీతో,
రెండు చేతులా పట్టుకుని బిల్లు కౌంటర్లో నిలబడ్డా.
బర్రెలకి ఎప్పుడో తెలుసు.

రాత్రి సుభాషిణి పెనం మీద రెండు ముక్కలు కాల్చింది.
"కొబ్బరిపీచు నమిలినట్టుంది," అని
తన వంతు అంచు తుంచి పక్కన పెట్టింది.
నిన్నటి చేపల పులుసు, మామిడికాయ ముక్క కరిగిపోయి
గిన్నె అడుగున చిక్కగా ఉంది.
అందులో ముంచా.
ఎండు నేల మొదటి వాన తాగినట్టు తాగింది రొట్టె.

మిల్లులో మిగిలిన పాత చిట్టా పుస్తకం
ఇప్పుడు షుగరు లెక్కలకి.
తేదీ వేశా. ముక్కలు రెండు, పద్దెనిమిది గ్రాములు
అని గుండ్రంగా రాశా.
మూడో ముక్కని
తరుగు కింద వేశా.