చెంప మీద ఆకుపచ్చ

పెరంబూరు బ్యారక్స్ రోడ్డు, మెకానిక్ షాపు మీద మా క్లాసు.
శనివారం సాయంత్రం కయల్విళి ఫోను నా ముందు పెట్టి
తమిళం కలిసిన తెలుగులో అంది:
"పాత మదరాసు సినిమా బ్యానర్‌లా గీయమన్నా సార్.
పదకొండు సెకన్లు."

చూశాను.
గులాబి చెంప. దవడ మలుపులో,
ఎవరికీ తట్టని చోట
సన్నటి ఆకుపచ్చ.

ఒళ్ళు జలదరించింది.
అది మా చెంగల్రాయ మేస్త్రి పచ్చ.

రేకుల షెడ్డులో, నలభై అడుగుల గుడ్డ ముందు
నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి
"నీడంటే నలుపు కాదురా, ఎండకి అలిసిన పచ్చ" అనేవాడు
బీడీ నోట్లోంచి తీయకుండానే.
బ్యానర్ కింద మూలన కంపెనీ పేరుండేది.
ఆయన పేరు కూలి పుస్తకంలో ఉండేది,
అదీ తప్పుగా.

ఎవరో ఫొటో తీసుంటారు, వానకి కారిపోకముందు.
ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరిగిందో,
ఏ యంత్రం మింగిందో.

తిట్టబోయాను. నోరు రాలేదు.
నేను మాత్రం?
ఫొటో మీద గళ్ళు గీసి, గడికి గడి కొలిచి
హీరోల ముక్కులు పెంచినవాణ్ణి.
స్కేలు పట్టిన చెయ్యి
ఫోను పట్టిన చేతిని ఏమంటుంది?

"ఈ పచ్చ ఇక్కడెందుకుంది?"
తెలీదంది.
"దాన్నే అడుగు."
అడిగింది. ఎంతో మర్యాదగా
మూడు పేరాలు చెప్పింది అది.
నిచ్చెన లేదు వాటిలో. బీడీ లేదు.

"సరే, ఫోను బోర్లా పెట్టి
ఆ పచ్చ కలుపు."

మొదటిసారి చిలక వచ్చింది.
తర్వాత కాలవ నాచు.
తర్వాత ఏమిటో చెప్పలేనిది, పళ్ళెమంతా బురద.
విసుగొచ్చి తలెత్తి
పక్క బెంచీ పిల్ల చెంపకేసి
ట్యూబ్‌లైటు వెలుగులో అలా చూస్తుండిపోయింది.
కింద వెల్డింగు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"ఉంది సార్. నిజంగానే ఉంది అక్కడ."

ఏడుంబావుకి బొమ్మ ఆరింది.
కాగితం తిప్పి, వెనకాల రాసింది,
నేను చెప్పకుండానే:
నమూనా, యంత్రం.
చెయ్యి, కయల్విళి.
పచ్చ, చెంగల్రాయ మేస్త్రి.

పెన్ను ఆపి అడిగింది,
"ఆయన ఇనిషియల్ ఏంటి సార్?"

ఏడేళ్ళు ఆయన కుంచెలు కడిగాను
కిరసనాయిల్లో.