మారిసెల్‌కి వచ్చిన తెలుగు

నెల్లూరు బస్టాండులో దిగినప్పుడు
ఆ పిల్ల చేతిలో ఒక కాయితం ముక్క.
దాని మీద మా ఇంటాయన పేరు రత్నం, ఊరు పొదలకూరు,
నిమ్మకాయల మార్కెట్టు వెనకవీధి. అంతే.
హైదరాబాదులో ఏదో బళ్ళో ఏడాది చదువంట,
వాళ్ళ పిల్ల ఇక్కడికీ మన పిల్ల అక్కడికీ మార్పిడి.
దసరాకి హాస్టలు మూసేస్తే
పది రోజులు యాడికి పోవాలా?
మామ ఉండాడు, అందంట.
ఆ మామ అంతవరకూ దాని ఫోటో కూడా చూళ్ళేదు.

మా ఆడబిడ్డ దయామణి
కువైటుకి వంటపనికి పోయి
ఫిలిప్పీను ఆయన్ని చేసుకుందని తెలిసినరోజు
ఈయన ఆల్బం లోంచి పీకేసిన ఫోటోల జాగాలో
జిగురు మరకలు ఇంకా ఉండాయి.
నేను ఈ ఇంటికొచ్చింది ఆ తర్వాతే.
నాకు ఆమె అంటే ఆ మరకలే.

పేరు మారిసెల్. పదహారేళ్ళు.
నవ్వితే కళ్ళు కనపడవు.
నడక మటుకు అచ్చం మా అత్తదేనని వీధి మొత్తం అంది.
ఈయన అన్లేదు.

దానికి తెలుగొచ్చు. ఎంతంటే,
రా. తిను. ఇంకొంచెం. చెయ్యి కడుక్కో.
ఎందుకేడుస్తావు. మళ్ళీ మొదలుపెట్టావా.
తల్లి వంటింట్లో ఎంత మాట్లాడిందో అంత.
"నేను" అనడం రాదు.
ఆకలేస్తే నా వంక చూసి "తిను" అంటది.
నిద్రొస్తే "పడుకో" అంటది.
మొదటి రెండ్రోజులూ
నన్నే పడుకోమంటుందనుకుని
పోయి పడుకున్నా.

మూడోనాడు నాతో కూడా మార్కెట్టుకొచ్చింది.
పండుకాయ ఒకవైపు, ఢిల్లీ లారీకి పచ్చికాయ ఒకవైపు
ఏరతా కూర్చున్నాం ఎనిమిదిమందిమి.
ఒక పిందె తీసి వేళ్ళ మధ్య పట్టి
వాళ్ళ ఊళ్ళో నిమ్మకాయ ఇంతేనంది సైగతో.
"మరి పప్పులోకి ఎన్ని పిండతారే?" అంది చెంగమ్మ.
తన వేళ్ళు లెక్కబెట్టి, చాలక,
నా వేళ్ళు కూడా తీసుకుంది.

ఆదివారం మధ్యాన్నం.
ఈయన అరుగు మీద చీటీల లెక్క రాసుకుంటా ఉండాడు.
పక్కింటి మేకొచ్చి
తీగ మీద దాని చొక్కా కొస నమలతా ఉంటే
లోపల్నించి ఉరికొచ్చింది:
"నీ జిమ్మడ! ఎన్నిసార్లు చెప్పాలే, మొద్దు రాచ్చిప్పా!"

ఒక్క తప్పు లేదు.
దీర్ఘం యాడ లాగాలో ఆడే లాగింది.
మా అత్త పోయి పదకొండేళ్ళు.
ఆ తిట్టు ఆమెతోనే పోయిందనుకున్నాం.
సముద్రం అవతల యాడో ఒక వంటింట్లో
పిల్లల మీదా పిల్లుల మీదా
ఇంకా వాడకంలో ఉందన్నమాట.

ఈయన పెన్ను ఆగింది. తల ఎత్తలా.
మేక పోయింది, పిల్ల లోపలికి పోయింది.
కాసేపటికి లేచి చెప్పులేసుకుని యాడికో పోయి
పొద్దుగూకినాక వచ్చాడు,
అర్ధకిలో మైసూరుపాకుతో.

ఫోను చేశాడా అంటే, చెయ్యలేదు.
పిల్ల రాత్రిపూట వాళ్ళమ్మతో మాట్లాడతా
ఫోను ఇటు తిప్పబోతే
ఈయన దొడ్లోకి పోయేవాడు, పళ్ళు తోముకోడానికి.
అన్నం తిన్నాక కూడా.

పదోనాడు బస్సెక్కించేటప్పుడు
ఒక బస్తా నిమ్మకాయలు తెచ్చాడు. బస్తా!
హాస్టలు పిల్ల ఏం చేసుకుంటది?
కండక్టరు నవ్వితే వాడి మీద ఎగిరాడు.
అది కిటికీలోంచి ఈయన చెయ్యి పట్టుకుని
"ఎందుకేడుస్తావు" అంది.
దాని సంగతి చెప్పిందో
ఈయన్ని అడిగిందో
నాకు తెలీలా. బస్సు కదిలింది.

నిన్న పొద్దున మార్కెట్టులో వేలం జరగతా ఉంటే
ఈయన వాచీ చూసుకుని,
ఎవురితోనూ కాదు, గాలితో అన్నాడు:
"ఆడ ఇప్పుడు పదిన్నర."
పాటగాడు ఆగి ఇటు తిరిగాడు.
"పదిన్నర ఏందన్నా? ఏ రాశికి?"