ముప్పై ఒకటో రోజు

గేటుకి చివరి కమ్మీ అతుకుతున్నాను.
కళ్ళద్దం పైకెత్తేసరికి
ఢిల్లేసు నిలబడి ఉన్నాడు, చేతిలో మడత కాగితం.
"వీసా వొచ్చేసింది మావా, ఓపాలి సూడు."

కాగితం ఇంకా వెచ్చగానే ఉంది,
జిరాక్సు కొట్టు నుంచి తిన్నగా ఇక్కడికే తెచ్చినట్టున్నాడు.
పేరు సరిగ్గానే ఉంది, ఇంటిపేరులోనే ఒక అక్షరం ఎగిరిపోయింది.
కింద చిన్న అక్షరాల్లో:
సందర్శన. ముప్పై రోజులు.
పని అన్న మాట ఎక్కడా లేదు.
నాకూ ఇలాంటిదే ఇచ్చారు. నేను చదవలేదు.
కాదు, చదివాను. అబద్ధమెందుకు?
చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"అక్కడ దిగాక మారుస్తారంట" అన్నాడు.
నాకు చెప్పినవాడూ
ఆ 'అంట' తోనే చెప్పాడు.

టీ తాగుదాం రమ్మని షట్టరు సగం దించాను.
పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరం,
బీడీ వెలిగించుకుంటే ఆరేలోపు.
ఇటు బోర్డులు ఒడియాలో, అటు తెలుగులో,
నడుమ రోడ్డుకడ్డంగా ఒక మేక,
తల ఒక రాష్ట్రంలో, తోక ఇంకో రాష్ట్రంలో.
రోజుకి నాలుగుసార్లు దాటుతాను,
ఇనుముకి అటు, అప్పుకి ఇటు.
ఇన్నేళ్ళలో ఎవడూ చెయ్యి చాచి
కాగితం ఏదిరా అనలేదు.

అక్కడ,
ముప్పయ్యో రోజు రాత్రి పడుకుని
ముప్పై ఒకటో రోజు పొద్దున్న లేచాను.
అదే చాప. అదే తుప్పు నీళ్ళు. అదే తొమ్మిదిమంది గది.
పక్కవాడు దువ్వెన అడిగాడు, ఇచ్చాను.

తరవాత నాలుగేళ్ళ రెండు నెలలు.
జొహోర్ అవతల పామాయిల్ తోటల వెనక రేకుల షెడ్డు,
బూట్లు విప్పని నిద్ర.
పన్ను సలిపితే లవంగం,
జ్వరమొస్తే ఎవరో దాచుకున్న మాత్రలో సగం.
రాయగడ నుంచొచ్చిన భీమసేను
ఆసుపత్రి గుమ్మంలో పేరడుగుతారని
చెవిలో చీము కారుతూనే పని చేశాడు.
ఇప్పుడు ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు.
జీతం అడిగితే మేస్త్రీ మాట్లాడేవాడు కాదు,
ఫోను తీసి ఒక నంబరు చూపించేవాడు.
నేను నేర్చిన మొదటి మాట కొసోంగ్.
పాలూ పంచదారా లేని టీని అలాగే అడుగుతారు.
ఖాళీ జేబునీ అంతే.

ఇక్కడ మా సులోచన
వీధంతా చెప్పుకుందట, వీసా పొడిగించారని.
నేనొచ్చిన రాత్రి అన్నం పెడుతూ
నెమ్మదిగా అడిగింది,
పొడిగించడమంటే ఏటండీ అని.

ఆఖరికి జరిమానా కట్టి వచ్చేశాను.
కౌంటరు వెనక ఆవిడ తలెత్తలేదు, తిట్టలేదు,
ఒక ముద్ర కొట్టింది.
నాలుగేళ్ళు నేను చెవులు రిక్కించిన చప్పుడు
అంతే, పోకచెక్క కొరికినంత.

టీ వచ్చింది.
ఇదంతా వాడికి చెప్పానా?
సగం చెప్పాను. చెవి దగ్గర ఆగిపోయాను.
వాడి చూపు నా వెల్డింగు మిషను మీదే ఉందని
కొట్లో ఉన్నప్పుడే కనిపెట్టాను.
"మరి మిసను ఆ డబ్బుల్తోనే కొన్నావు గదా మావా."
నిజమే. కిస్తీ కూడా లేకుండా కొన్నాను.
ఏమనాలి?

కాసేపు మేకను చూశాడు.
"ముప్పై ఒకటో రోజు ఏటవుద్ది మావా?"
"ఏటీ అవ్వదురా" అన్నాను.
"ఏటీ అవ్వదు. దువ్వెన అడుగుతారు."

వాడికి అర్థం కాలేదు.
నవ్వి, గ్లాసు పైకి తీశాడు.
కాగితం మీద గుండ్రంగా మరక.
అయ్యయ్యో అంటూ
చొక్కా అంచుతో అద్దుతున్నాడు, అద్దుతున్నాడు,
అది పోవడం లేదు.